ఒక్కసారే నొక్కే చేయి

ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటర్ల మధ్య పనిచేసి, పోయిన సంవత్సరం తిరుపతిలో రిటైరయ్యాను. ఏం పని చేసేవాడివని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తడుముకుంటాను. ఒకసారి మా వియ్యపురాలికి లోడ్ బ్యాలెన్సర్ అంటే ఏమిటో ఓపికగా పావుగంట సేపు చెప్పాను. అంతా విని ఆవిడ, "అట్లయితే గేటుకాడ వాచ్‌మన్ పనే కదన్నా" అంది. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గానీ, తీరిగ్గా ఆలోచిస్తే ఆవిడ చెప్పింది చాలావరకు నిజమే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్టు తీసుకోవాలి అని అడుగుతుంటారు. వాటి సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసింది ఎక్కడెక్కడ తప్పు చేశానన్నది. అది రాస్తాను.

గేటు దగ్గర పని

ఒక వెబ్‌సైటుకు జనం బాగా వస్తారనుకుంటే ఒక్క సర్వరు చాలదు. మూడో నాలుగో పెడతాం. వాటి ముందు ఒక యంత్రం నిలబడి, వచ్చిన వాళ్లను వచ్చినట్టు ఏ సర్వరు ఖాళీగా ఉంటే దాని దగ్గరికి పంపుతుంది. అదే లోడ్ బ్యాలెన్సర్. దానికి ఇంకో రెండు పనులు కూడా అప్పజెబుతాం. ఒకటి, ఒకే చోటి నుంచి అడిగిందే పదే పదే అడుగుతుంటే ఆపడం. దీన్ని రేట్ లిమిటింగ్ అంటారు. రెండోది, సర్వరు ఇచ్చిన జవాబు బయటికి పోయేటప్పుడు దాని మీద మనకు కావలసిన మాట ఒకటి రాసి పంపడం. ఆ రాతను హెడర్ అంటారు. జవాబు ఉత్తరమైతే హెడర్ కవరు మీద రాత లాంటిది. మామూలు మనుషులకు కనిపించదు. బ్రౌజరు చదువుకుంటుంది, మా బోటివాళ్లం వెతుక్కుని చదువుతాం.

మా ఊరివాళ్లకు ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. కొండ మీంచి కారులో దిగేటప్పుడు పైన చీటీ మీద టైము వేసి ఇస్తారు. అలిపిరికి మరీ తొందరగా వచ్చేశావంటే కింద చీటీ చూసి ఆపుతారు. హద్దు పెట్టడం, ఆ హద్దు ఏమిటో చీటీ మీద రాయడం, రెండూ అక్కడ ఉన్నాయి. నేను జీతం తీసుకుని చేసింది కూడా ఇదే, కాకపోతే నా చీటీలు కంటికి కనిపించవు.

నన్ను నేనే పట్టుకున్న రోజు

నా మొదటి పై అధికారి చెంగల్రాయులు గారు. చిత్తూరు మనిషి, లావుపాటి కళ్లద్దాలు, ఎవరు ఏం చెప్పినా "యాడ, సూపించు" అనేవాడు. మాట మీద నమ్మకం లేక కాదు, చూడటమంటే ఆయనకు అంత సరదా.

ఒక కళాశాల పరీక్ష ఫలితాల సైటుకు నేను మొదటిసారి హద్దు పెట్టాను. పెట్టిన కాసేపటికే ఒక్క ఇంటర్నెట్ అడ్రసు నుంచి వేలకు వేలు అభ్యర్థనలు వస్తున్నట్టు కనిపించింది. ఎగిరి గంతేసినంత పనిచేసి, ఆ అడ్రసును ఆపేసి, ఆయన గదిలోకి పరిగెత్తాను. "దొంగ దొరికినాడు సార్!"

"యాడ? సూపించు."

వచ్చి నా తెర ముందు కూర్చున్నాడు. అడ్రసు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇది మన ముందర గేటు అడ్రసు కదప్పా. వాకిట్లో నిలబడుండే మన మనిషినే పట్టుకొని దొంగ అంటావేంది?"

జరిగింది ఇది. మా దగ్గర రెండు గేట్లు ఉన్నాయి. బయటి గేటు దాటి వచ్చిన ప్రతి అభ్యర్థనా లోపలి గేటుకు బయటి గేటు నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. అసలు మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో బయటి గేటు ఒక హెడర్లో రాసి లోపలికి పంపాలి. నేను ఆ రాత రాయించలేదు. దాంతో ఆ ఫలితాలు చూసుకునే పిల్లలందరూ నా కంటికి ఒకే ఒక్క దొంగలా కనిపించారు, అందరినీ ఒక్క దెబ్బతో గెంటేశాను. ఆ పదిహేను నిమిషాల్లో ఎంతమంది పిల్లలు ఫెయిలయ్యామేమోనని గుండెలు బాదుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చెంగల్రాయులు గారు తిట్టలేదు. "ఆపడం తప్పుగాదు. ఆపేదానికి ముందర ఎవుర్ని ఆపుతాండావో సూడు" అన్నాడు, అంతే. ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో అలవాటు, ప్రతి జవాబు మీదా అది ఏ సర్వరు నుంచి వచ్చిందో హెడర్లో రాయించడం. అప్పట్లో నేను దాన్ని చాదస్తం అనుకునేవాణ్ణి. తర్వాత ఒక లాడ్జి గదుల బుకింగు సైటులో, నిండిపోయిన గదులు కొందరికి మాత్రం ఖాళీగా కనిపించడం మొదలైంది. ఫిర్యాదు చేసినవాళ్ల తెరల మీద ఆ హెడర్ చూస్తే అందరిదీ మూడో సర్వరే. అది పొద్దుటి పాత జాబితానే పట్టుకుని కూర్చుంది. హెడర్ లేకపోతే నాలుగు సర్వర్లనూ విప్పి వారం రోజులు తల గోక్కునేవాళ్లం. అప్పటి నుంచి ఆ చాదస్తం నాకూ పట్టుకుంది.

ఇంత నేర్చుకున్నాక కూడా, ఉద్యోగం చివరి ఏళ్లలో, నలుగురికి నేనే పని నేర్పే స్థానంలో ఉండి మళ్లీ అదే తప్పు చేశాను. ఇంకా పెద్దగా చేశాను.

మర్యాదస్తుడైన దొంగ

చేనేత కార్డు ఉన్నవాళ్లకు తక్కువ ధరకు నూలు ఇచ్చే సంస్థ ఒకటి ఉంది. పేరు అనవసరం, తప్పు వాళ్లది కాదు. నెలకొక రోజు పొద్దున పది గంటలకు సైటు తెరుస్తారు, ఉన్న సరుకు అయిపోయేదాకా బుకింగు. నూలు ఎంత సన్ననిదో నంబరుతో చెబుతారు. కావలసిన నంబరు నూలు అందకపోతే మళ్లీ నెల దాకా ఆగాలి. ఆ నెల రోజులూ మగ్గం ఖాళీగా ఉన్నా చేసేదేమీ లేదు. ఆ సైటు తెరిచిన నిమిషానికే కుప్పకూలుతోందని మా ఆఫీసుకు అప్పజెప్పారు. దళారులు ఎవరో రోబో ప్రోగ్రాములతో బుక్ చేసేస్తున్నారని వాళ్ల అనుమానం.

నేను హద్దు రాశాను. ఒక అడ్రసు నుంచి పది సెకన్లలో ఇన్ని అభ్యర్థనలు దాటితే గంటసేపు ఆపేయమన్నాను. ఆపినప్పుడు అవతలి మనిషికి ఏం చెప్పాలి? దాని మీద అర నిమిషం కూడా పెట్టలేదు. తెల్లటి పేజీ మీద "అనుమతి లేదు" అని రెండు ముక్కలు పడేశాను.

ఆ నెల సైటు పడిపోలేదు. అందరూ భుజం తట్టారు. మధ్యాహ్నం భోజనమయ్యాక, ఎవరెవరిని ఆపామో చూద్దామని చిట్టా తెరిచాను. ఎక్కువగా ఆగిపోయింది ఒకే ఒక్క అడ్రసు. ఈసారి అది మా గేటుది కాదు, ముందు ఆ సంగతే చూసుకున్నాను. ఇదే దళారి అయి ఉంటాడని సంతోషపడి, పాత నెలల చిట్టాలు కూడా తీశాను. అక్కడే నాకు తికమక మొదలైంది.

మిగతా అడ్రసుల నుంచి జనం బటను మీద బాదినట్టు బాదుతున్నారు, చాలామందికి ఏమీ దొరకడం లేదు. ఈ అడ్రసు నుంచి మాత్రం ఒక కార్డుకు ఒకే నొక్కు. తర్వాత కాస్త ఎడం. తర్వాత ఇంకో కార్డు, మళ్లీ ఒకే నొక్కు. దాదాపు నొక్కిందల్లా తగులుతోంది. ప్రోగ్రామైతే ఆ ఎడం గడియారంలా ఒకేలా ఉండాలి. ఇక్కడ ఒక్కోసారి బాగా సాగిపోతోంది. అన్నిటికంటే వింత, నేను ఆపిన గంటలో ఆ అడ్రసు చేసిన పని. రోబో అయితే రెచ్చిపోయి ఇంకా గట్టిగా కొట్టాలి, లేదంటే ఇంకో అడ్రసుకు మారాలి. ఇది అలా చేయలేదు. ఐదారు నిమిషాలకోసారి వచ్చి, ఒక్కసారి తలుపు తట్టి, "అనుమతి లేదు" అనిపించుకుని వెనక్కి పోయింది. గంటంతా అదే వరస.

ఇంత మర్యాదస్తుడైన దొంగను నేనెన్నడూ చూడలేదు. రెండు రోజులు అన్నం తింటున్నా అదే ఆలోచన. ఆ లైను ఇచ్చిన కేబులాయనను వాకబు చేస్తే, నగరిలో ఒక నెట్ సెంటరు అన్నాడు. ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కానీ "యాడ, సూపించు" అనే జబ్బు నాకూ అంటుకుంది కదా. సెలవు దొరికేసరికి మూడు వారాలు పట్టింది, అప్పుడు పుత్తూరు మీదుగా పోయే బస్సెక్కాను.

నగరి

బస్సు దిగి ఆ వీధిలోకి తిరగ్గానే మరమగ్గాల చప్పుడు రెండు పక్కల నుంచీ చెవుల్లో పడింది. నెట్ సెంటరంటే ఒక చిన్న గది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, గోడకు కాణిపాకం వినాయకుడి పటం. కుర్చీలో యాభై దాటిన ఒక ఆవిడ కూర్చుని ఏదో టైపు చేస్తోంది. పేరు మునిరత్నమ్మ అని తర్వాత తెలిసింది. ఆమె పక్కన స్టూలు మీద, చేతిలో ప్లాస్టిక్ సంచితో ఒక పెద్దాయన.

"రవ్వంత తాళు సామీ, ఈ అర్జీ అయిపోతాది" అంది నాతో.

నిలబడి ఆమె భుజం మీంచి తెర చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది. "నా చేనేత కార్డును ఏ తప్పునకు రద్దు చేసినారో తెలియజేయవలసినదిగా ప్రార్థన" అని ఉంది. కింద పేరు దొరస్వామి.

"కార్డు రద్దయిందా?" అని అడిగాను ఆయన్ని.

"అయినట్టే ఉండాది సామీ. నూలు బుకింగులో 'అనుమతి లేదు' అని వచ్చింది. నాకే గాదు, ఈ అక్కకాడికి వచ్చినోళ్లందరికీ. చిత్తూరు పోయి అడిగినా. కార్డు బాగానే ఉండాది పో అన్న్యారు. బాగుంటే అనుమతి లేదని ఎందుకొస్తాది? ఏదో తప్పు చేసుంటాను, అదేందో సెప్పడం ల్యా."

ఆయన చేతిమగ్గం మీద పంచెలు నేస్తాడు. తిరుపతిలో ఒక దుకాణం ఆయన పంచెలే కావాలని తీసుకుంటుంది. వాటికి ఎనభై నంబరు నూలు కావాలి. ఈ నెల అది దొరకలేదు కాబట్టి మగ్గం ఊరికే ఉంది. వచ్చే నెల కూడా దొరక్కపోతే ఆ దుకాణంవాళ్లు వేరే నేతగాణ్ణి చూసుకుంటామని చెప్పారు.

అప్పుడు చెప్పక తప్పలేదు. "ఆ 'అనుమతి లేదు' రాసింది నేనేనప్పా. నీ కార్డుకు ఏమీ కాలేదు. ఈ గది నుంచి శానా ఎక్కువ వస్తాండాయని యంత్రం ఆపింది. ఆపమన్నది నేను."

ఇద్దరూ నా మొహంలోకి చూశారు. మునిరత్నమ్మ టైపు చేయడం ఆపింది. "నువ్వా? అయితే ఎనభై ఇండ్లోళ్లు నెలంతా నన్ను తినేసినారు, నీ పేరు సెప్పుంటే పొయ్యేది" అంది. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. ఆమె లోపలికి పోయి నాకు టీ తెచ్చింది.

అడగాల్సింది అడిగాను. అందరి ఇళ్లలో ఫోన్లున్నాయి కదా, అన్ని కార్డులూ ఇక్కడికే ఎందుకు వస్తాయి?

"నా కొడుకు ఫోన్లో రెండు నెలలు కొట్టినాడు. ఒక తూరి గూడా తగల్లా" అన్నాడు దొరస్వామి. "అక్కది మంచి చేయి. ఆమె నొక్కితే దొరకతాది. ఊరంతా అదే మాట."

నాకు నవ్వొచ్చింది, దాన్ని మింగి, ఎలా నొక్కుతావో చూపించమన్నాను. బుకింగు మూసి ఉన్నా కార్డు నంబరు కొట్టే పేజీ వస్తుంది. ఆమె దొరస్వామి కార్డు తీసుకుంది. వినాయకుడి వైపు చూసి కళ్లకద్దుకుంది. నంబరు కొట్టింది, మౌసు ఒక్కసారి నొక్కింది. నొక్కి, చేయి తీసి ఒళ్లో పెట్టుకుంది. తెర మీద చక్రం తిరుగుతోంది. ఆమె కదలలేదు.

"ఇంకోతూరి నొక్కవా?"

"ఎందుకు నొక్కాల? ఒకసారి అడిగినాం గదా. ఉంటే ఇస్తాడు, లేకుంటే లేదంటాడు. ఊరికే అడగతా ఉంటే ఎవురికైనా కోపం రాదా?"

టీ గ్లాసు పక్కన పెట్టి లెక్క వేసుకున్నాను. సర్వరు మెల్లగా ఉన్నప్పుడు మళ్లీ నొక్కితే మన పాత అభ్యర్థన గాలికి పోతుంది, కొత్తది వరసలో చివరికి చేరుతుంది. ఇళ్లలో కూర్చుని బాదేవాళ్లు ఎప్పటికప్పుడు తమంతట తామే వెనక్కి పోతున్నారు. ఒక్కసారే నొక్కి ఓపిక పట్టే ఈవిడకు అందుకే దొరుకుతోంది. దొరుకుతోంది కాబట్టి చేయి మంచిదన్న పేరు వచ్చింది. పేరు వచ్చింది కాబట్టి ఊళ్లోని కార్డులన్నీ ఈ గదికే వచ్చాయి. పైగా ఒక పేజీ తెరిస్తే బొమ్మలకీ రంగులకీ అన్నీ కలిపి ముప్పై నలభై అభ్యర్థనలు పోతాయి. నేను పేజీలు లెక్కపెడుతున్నాననుకున్నాను, యంత్రం అభ్యర్థనలు లెక్కపెట్టింది. రెండు కంప్యూటర్ల నుంచి ఇన్ని కార్డులంటే నా హద్దు దాటక ఏమవుతుంది? తొందరపడే వాళ్లను ఆపడానికి పెట్టిన గేటు అందరికంటే ఓపికగల మనిషిని ఆపింది.

ఆ నొక్కుల మధ్య ఎడం ఎందుకు సాగేదో కూడా అప్పుడే తెలిసింది. ముసలివాళ్లు కార్డు ఏ సంచిలో పెట్టామో వెతుక్కునేంత సేపు ఆమె ఆగేదట.

ఇరవై సెకన్లు

తిరిగి వచ్చి మొత్తం తిరగరాశాను. హద్దు అడ్రసుకు కాదు, కార్డు నంబరుకు పెట్టాను. బొమ్మలను లెక్కలోంచి తీసేశాను. "అనుమతి లేదు" అనే 403 జవాబు మార్చి, "కాసేపాగు" అని అర్థమిచ్చే 429 పెట్టాను. ఎంతసేపు ఆగాలో ఒక హెడర్లో రాయించాను. పేజీ ఆ హెడర్ చదివి తెలుగులో ఇలా చూపిస్తుంది: "మీ కార్డు బాగానే ఉంది. తొందరగా ఎక్కువసార్లు నొక్కినందువల్ల కాసేపు ఆపాం. 20 సెకన్లు ఆగండి." కింద అంకె ఒక్కొక్కటే తగ్గుతూ వస్తుంది. ఇరవై ఎందుకంటే, ఏమీ లేదు. పదికీ ముప్పైకీ మధ్య బాగుందనిపించింది.

పిల్లలూ, మీరు రాసే ప్రతి "లేదు" అవతల ఒక మనిషి చదువుతాడు. యంత్రానికి 403 అయినా 429 అయినా ఒకటే అంకెల వరస. దొరస్వామికి ఒకటి నేరం, ఇంకొకటి నిరీక్షణ. ఈ తేడా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఆ అర్జీలో దొరికింది.

తర్వాతి నెల బుకింగు రోజు ఆఫీసులో కాకుండా నగరిలో కూర్చుందామని పోయాను. గేటుకు అవతలి వైపు ఎలా ఉంటుందో చూడాలని సరదా. గది నిండా జనం. మునిరత్నమ్మ ఒక కంప్యూటరు ముందు కూర్చుని, రెండోది నాకు చూపించింది. దొరస్వామితో, "పోయిన నెల నీకు అడ్డం పడింది ఈ సామే కదన్నా, ఆయనతోనే నొక్కించుకో" అంది. అందరూ నవ్వారు. దొరస్వామి ఆమె చేతి వైపు ఒకసారి, నా చేతి వైపు ఒకసారి చూశాడు. కాదనలేక కార్డు నాకిచ్చాడు.

పది కొట్టింది. నంబరు కొట్టాను. ఎనభై నంబరు నూలు ఎంచుకుని నొక్కాను. చక్రం తిరగడం మొదలైంది.

ఆ హద్దు రాసింది నేను. మళ్లీ నొక్కితే ఏమవుతుందో ఆ ఊళ్లోనే కాదు, జిల్లా మొత్తంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. చక్రం తిరుగుతూనే ఉంది. వెనక దొరస్వామి ఊపిరి నా మెడకు తగులుతోంది. వేలు దానంతటది నొక్కింది. ఇంకోసారి నొక్కింది. ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలియదు.

తెర మీద తెల్లటి పేజీ వచ్చింది. మీ కార్డు బాగానే ఉంది. తొందరగా ఎక్కువసార్లు నొక్కినందువల్ల కాసేపు ఆపాం. ఇరవై. పంతొమ్మిది. పద్దెనిమిది.

పక్క తెర మీద మునిరత్నమ్మ ఒక్కో కార్డుకూ ఒక్కోసారి నొక్కి, చేయి ఒళ్లో పెట్టుకుంటోంది. అక్కడ ఎనభై నంబరు నూలు ఎంత మిగిలిందో కనిపిస్తోంది, చూస్తుండగానే తరిగిపోతోంది. కార్డు తీసి ఆమెకిద్దామన్నా లాభం లేదు, హద్దు పెట్టింది కార్డుకే కదా. అంత తెలివిగా పెట్టాను. ఇరవై సెకన్లంటే ఎంతసేపో ఆ కుర్చీలో కూర్చునే దాకా నాకు తెలియదు.

సున్నా వచ్చేసరికి ఎనభై నంబరు ఎదురుగా "అయిపోయింది" అని ఉంది.

"నలభై నంబరుండాది సూడు, తువ్వాళ్లకైనా అయితాది" అంది మునిరత్నమ్మ. "ఈ తూరి ఒకసారే నొక్కి చేయి తీసెయ్ సామీ." నొక్కాను. చేయి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. దొరికింది.

అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి, ఇరవై తీసి మూడు పెట్టమన్నాను. ఫోన్ పెట్టేశాక దొరస్వామి వైపు తిరగడానికి మొహం చెల్లలేదు. "పంచెల ఆర్డరు?" అన్నాను.

"అది పోయినట్టేలే అబ్బా." ఆయన సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. నా ముఖం చూసి భుజం మీద చెయ్యేశాడు. "ఈ తూరి తప్పెవురిదో కండ్లార సూసినా. పోయిన నెలంతా నాదేమో అనుకుంటా ఉండినా."